రెండో పొయ్యి

మొన్న మా పెద్దబాపు కోడలు సునీత ఖమ్మంలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే ఫోను నా చేతిలో పెట్టింది. "వదినా, గిదేందో చూడు. నాకూ మా ఆయనకూ వేరే కార్డు ఇయ్యరంట. అత్తమ్మోళ్లతోని ఒకటే కుటుంబమని చూపిస్తాందంట" అంది. ఊళ్లో కరువు పనికి పోవాలంటే ఆ కార్డు ఉండాలి. ఆ పథకానికి సర్కారు పెట్టిన పేరు ఎన్నిసార్లు మారినా మా దిక్కు జనం నోట్లో అది కరువు పనే. ఏడాదికి ఇన్ని రోజులని ఒక కుటుంబానికి పని ఇస్తారు. ఆ కుటుంబంలో పనిచేయగల పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ రోజులనే పంచుకోవాలి. అందుకని కుటుంబం అంటే ఎవరు అన్న ప్రశ్న దగ్గరే అర్హత అంతా ఆగుతుంది. "మీరు వేరే వండుకుంటున్నారా?" అని అడిగాను. "ఒకటే గ్యాస్ పొయ్యి వదినా. కుడి దిక్కు ఆమె వండుకుంటది, ఎడమ దిక్కు నేను వండుకుంట" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే మా అమ్మ గుర్తొచ్చింది. ఇదే ప్రశ్న మీద అమ్మ ఒక ఎండాకాలమంతా కొట్లాడింది. ఆ ఎండాకాలం గురించి రాయాలని చాలాసార్లు అనుకొని వాయిదా వేస్తూ వచ్చాను. సునీత వెళ్లాక ఇంక ఆగలేకపోయాను.

మాది బాయి కుటుంబం. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. మా నాయిన రాజయ్య కాంట్రాక్టు కింద బాయిలో బొగ్గు ఎత్తేవాడు. తట్టా, చెమ్మాసూ ఆయన పనిముట్లు; చెమ్మాసంటే వెడల్పాటి పార. ఏదో ఒకనాడు పర్మినెంట్ అవుతుందని ఎదురుచూస్తుండగానే ఆ బాయి మూసేశారు. పర్మినెంట్ వాళ్లను వేరే బాయిలకు పంపారు, కాంట్రాక్టు వాళ్లను ఇళ్లకు పంపారు. నాయిన కొన్నేళ్లు ఆ గేటూ ఈ గేటూ తిరిగాడు. చివరికి కిరాయి కట్టలేక, ట్రాలీ ఆటోలో సామాను వేసుకొని నాయిన పుట్టిన ఊరికి వచ్చాం. భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి అడివి అంచు వెంట లోపలికి నడిస్తే మా ఊరు. వాగుకు అవతల కోయగూడెం. పొద్దున్నే అక్కడి ఆడవాళ్లు ఇప్పపువ్వు గంపలతో మా వాకిలి ముందు నుంచి పోతూ కోయలో ఏదో అడిగితే, నాయనమ్మ సగం కోయ, సగం తెలుగు కలిపి జవాబు చెప్పేది. ఆ ఎండలో ఇప్పపువ్వు తీపి వాసన ముక్కుకు పట్టుకొని మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. నాకు అప్పటికి ఇంటర్ అయిపోయింది, ఆ పైన చదివే దారి కనిపించడం లేదు.

నాయినకు పని పోయినా షిఫ్టులు పోలేదు. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండోది, ఒక వారం నైటు. బాయి మూసిన తర్వాత కూడా ఆయన ఒంట్లో అవి తిరుగుతూనే ఉండేవి. మొదటి షిఫ్టు వారం కోడి కూయకముందే లేచి, మొహం కడిగి, తల దువ్వుకొని గడపలో కూర్చునేవాడు. నైటు షిఫ్టు వారం పగలంతా దుప్పటి ముసుగేసి పడుకునేవాడు. "మీ నాయినకు ఈ వారం ఏ షిఫ్టు?" అని ఊళ్లోవాళ్లు నన్ను దారిలో ఆపి అడిగి నవ్వేవారు. నేను కోపంగా చూసేదాన్ని, షిఫ్టు మాత్రం సరిగ్గానే చెప్పేదాన్ని. ఆయనను ఎవరైనా ఖాళీగా ఉన్నావా అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఖాళీ ఏంది? బాయి బందున్నది, గంతే" అనేవాడు. ఆ మాట అనే మనిషిని చూసి జాలిపడాలో తిట్టాలో నాకు తెలిసేది కాదు. అమ్మకు తెలుసు. ఆమె రెండూ చేసేది.

ఇల్లు నాయనమ్మది. నాయిన అన్న అయిన పెద్దబాపు, పెద్దమ్మ, వాళ్ల పెళ్లికాని కొడుకులిద్దరు అప్పటికే అందులో ఉండేవారు. ఆ ఇద్దరిలో చిన్నవాడే ఇప్పుడు సునీత భర్త. వంటింట్లో నాయనమ్మ తన చేత్తో పెట్టిన మట్టి పొయ్యి. రోజూ తెల్లారగానే దాన్ని ఎర్రమన్నుతో అలికి, పైన సన్నగా ముగ్గు గీతలు గీసేది. అది ఆరేదాకా ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు. తడి మట్టి వాసన, తర్వాత కట్టె పొగ, ఆ తర్వాత మక్కగట్క ఉడికే వాసన, ఈ మూడూ ఆ వరసలోనే వచ్చేవి. పొయ్యి నాయనమ్మది గానీ పెత్తనం పెద్దమ్మది. వండేది, వడ్డించేది, బియ్యం డబ్బా మూత తీసేది ఆమే. ఆమె చెడ్డది కాదు. అయితే మూత తీసిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు విడిచేది. అమ్మా నాయినా నేనూ ఆ నిట్టూర్పు విని ఆకలి కొంచెం తగ్గించుకునేవాళ్లం. అమ్మకు సబ్బు కావాలన్నా ఆమెనే అడగాలి. బాయి పక్క కాలనీలో అద్దె ఇల్లయినా తన చేతి మీదుగా నడిపిన మనిషికి అది ఎంత కష్టమో, అమ్మ అడగడానికి లేచి మళ్లీ కూర్చునేటప్పుడు నేను చూసేదాన్ని.

కరువు పని మా ఊరికి కొత్తగా వచ్చింది అప్పుడే. పనిచేస్తానని ముందుకొచ్చిన పెద్దవాళ్లలో ఎవరి పేరు మీదైనా, ఆడవాళ్లయినా సరే, కుటుంబానికి కార్డు ఇస్తారని విన్న రోజు అమ్మ నాతో ఒక మాట అంది. "బాయిల అన్నీ మీ నాయిన పేరు మీదనే ఉండె. ఆయన పేరు కొట్టేసిన్నాడు మనందరి పేర్లు పోయినయి. ఈసారి నా పేరు మీద రాపిస్త." నాయినను కూడా పనికి రమ్మంది. ఆయన పైకి చూడకుండానే, "భూమి లోపల చేసినోణ్ణి, భూమి మీద గుంతలు తవ్వమంటవా?" అన్నాడు. "లోపల పనియ్యరంట. పైననే ఇస్తరంట" అంది అమ్మ.

పేర్లు రాయడానికి మండలం నుంచి ఒక సూపర్‌వైజరు వచ్చాడు. అతని వెంట శ్రీను ఉన్నాడు. శ్రీను మా ఊరివాడే, కొత్తగా ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాడు. వాళ్లు మా గడప దగ్గరికి వచ్చేసరికి అమ్మ బీడీలు చుట్టే తునికాకు కోతకు అడివిలోకి పోయింది. పెద్దబాపు చెలకలో ఉన్నాడు. నాయినది నైటు షిఫ్టు వారం, లోపల గుర్రుపెడుతున్నాడు. అరుగు మీద నాయనమ్మ ఒక్కతే చుట్ట కాలుస్తూ కూర్చుంది. నేను మంచినీళ్లు తెచ్చేలోపే అతను అడగాల్సింది అడిగేశాడు.

"అవ్వా, ఇద్దరు కొడుకులు గదా. ఇంట్ల పొయ్యిలెన్ని?"

సర్కారు లెక్కలో కలిసి వండుకొని తినేవాళ్లు ఒక కుటుంబం. పొయ్యి అడిగితే కుటుంబం తెలిసిపోతుందని అతని ఉద్దేశం. కానీ మా దిక్కు ఒక తల్లిని పొయ్యిలెన్ని అని అడగడమంటే, నీ కొడుకులు కొట్లాడుకొని వేరుపడ్డారా అని అడగడం. నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఒక్కటే. నేనున్నన్ని దినాలు ఒక్కటే పొయ్యి. రాసుకో బిడ్డా."

అతను రాసుకున్నాడు. కార్డు పెద్దబాపు పేరు మీద, మిగిలినవాళ్లమంతా ఆయన కింద. వాళ్లు పోయిన తర్వాత కూడా నాయనమ్మ ముఖం వెలుగుతూనే ఉంది, నలుగురిలో పెద్ద మర్యాద దక్కినట్టు. ఆమె అబద్ధం చెప్పలేదు. మేం నిజంగానే ఒకే పొయ్యి మీద తింటున్నాం. చిక్కు అక్కడే వచ్చింది.

అమ్మ ఆకు మూట దించకుండానే సంగతి విన్నది. "ఇంతమందికి ఆ రోజులు పంచితే మనిషికి ఏం మిగుల్తయి? పైసలు వచ్చినా బావ చేతికే వస్తయి. మళ్ల సబ్బు బిళ్లకు అక్కనే అడుగుడు" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. మర్నాడు నన్ను వెంటబెట్టుకొని పంచాయతీ ఆఫీసుకు నడిచింది. సూపర్‌వైజరు మంచివాడే. కుర్చీ చూపించాడు. "అమ్మా, నేను సొంతంగ రాసింది గాదు. మీ అత్త చెప్పింది. మీరు వేరే వండుకుంటున్నరా?" అన్నాడు. "ఇగ వండుకుంటం" అంది అమ్మ. అతను తల గోక్కున్నాడు. "వచ్చే గ్రామసభల పేర్లు చదువుతం. ఆనాటికి వేరే పొయ్యి ఉండాలె. మీ అత్తనే వచ్చి నలుగుర్ల చెప్పాలె, అప్పుడు మారుస్త. అది దాటితే మళ్ల ఎప్పుడో నాకే తెల్వదు." తిరుగుదారిలో అమ్మ, "పొయ్యి నేను పెడ్త. ఆమెతోని చెప్పిచ్చుడే కష్టం" అంది.

ముందు తొందరపడి ఒక తప్పు చేసింది. కాలనీ నుంచి తెచ్చుకున్న బొగ్గు పొయ్యి, ఇనుప బకెట్‌కు కింద కిటికీ కోసి లోపల మట్టి మెత్తింది, అటుక మీద పడి ఉంది. దాన్ని దించి ఇంటి వెనక చూరు కింది సాయబాన్‌లో వెలిగించింది. గోనెసంచి అడుగున మిగిలిన బొగ్గు అంటుకోగానే కాలనీ సాయంత్రం వాసన మొత్తం అక్కడికి వచ్చేసింది. ప్రతి వాకిట్లో ఒక బకెట్, ప్రతి బకెట్ మీద పచ్చటి పొగ. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాయనమ్మ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏందే ఈ రైలు వాసన?" అంది. శ్రీనును పిలిచి చూపిస్తే అతను మొహమాటపడ్డాడు. "వదినా, డబ్బా పొయ్యి ఇయ్యాల ఈడుంటది, రేపు ఆడుంటది. సారు ఒప్పుకోడు" అన్నాడు. నాయనమ్మకు ఎక్కడలేని బలం వచ్చింది. "మోసుకపోయేది పొయ్యెట్లయితది? మన్నుతోని పెడితేనే పొయ్యి" అని తీర్పు చెప్పేసింది. అమ్మ బకెట్ లోపల నిప్పుల మీద నీళ్లు చల్లి, "సరే అత్తా. మన్నుతోనే పెడ్త" అంది.

పుట్టమన్ను కావాలి, ఊక కావాలి, పేడ కావాలి. అవన్నీ ఎట్లా మోయాలా అని మేం చూస్తుంటే నాయిన లేచి, గోడకు వేలాడేసిన తట్టా చెమ్మాసూ దించాడు. అడివి వైపు వెళ్లి తట్ట నిండా పుట్టమన్ను నెత్తిన పెట్టుకొని వచ్చాడు. ఏళ్ల తర్వాత ఆయన నెత్తి మీద బరువు ఉండటం, వాకిట్లోకి వస్తూ ఆయన మెడ నిటారుగా ఉండటం చూసి నా గుండె నిండిపోయింది. అమ్మా నేనూ మన్ను తొక్కి, రాళ్లు పేర్చి పొయ్యి పెట్టాం. కాలనీలో పెరిగిన అమ్మకు మట్టి పొయ్యి చేత కాదు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క వంపు. నాయనమ్మ అరుగు మీద నుంచి కదలకుండా, అలిగి ముఖం తిప్పుకొనే, "గొంతు వెడల్పైంది, మంటంత పక్కకే పోతది" అనేది. అమ్మ సరిచేసేది. "ఇప్పుడు ఇరుకైంది" అనేది. మళ్లీ సరిచేసేది. అట్లా తన ఇష్టానికి విరుద్ధంగా ఆ పొయ్యిని నాయనమ్మే పెట్టించింది. అది ఆరి, పాలు పొంగించి, మేం ముగ్గురం అక్కడ తినడం మొదలుపెట్టాక మాత్రం ఆమె ఒక్క ముద్ద ముట్టలేదు. పెద్దమ్మ దగ్గరే తిన్నది. గ్రామసభకు వస్తావా అంటే విననట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం తునికాకు కట్టలు కడుతూ ఉన్నాం. మాట్లాడకపోయినా నాయనమ్మ కూడా వచ్చి కూర్చొని కట్టేది. ఆ చేతులు ఊరికే ఉండలేవు. అమ్మ సూటిగా అడిగింది: "అత్తా, రెండో పొయ్యంటే నీకు గంత భయమెందుకు?" నాయనమ్మ ఆకులు సర్దుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "మా అత్తను వంతులేసిన్రు. నెలకొక కొడుకింట్ల. నెల మారినప్పుడల్ల బట్టల మూట సంకల పెట్టుకొని నడిచేది. ఓసారి ఇది ఏ వంతు కిందికి వస్తదని నెల ఆఖరు దినం మీద కోడళ్లు కొట్లాడుకున్నరు. ఆ పూట ఎవలు పెట్టలె. గా కోడళ్లల్ల నేనొకదాన్ని." అమ్మ చేతిలో కట్ట ఆగిపోయింది. నేను అప్పటిదాకా నాయనమ్మది వట్టి పరువు పట్టింపు అనుకున్నాను. పొయ్యి ఒకటే ఉన్నంతకాలం ఆమెను పంచలేరు. ఆమె కాపాడుకుంటున్నది ఇంటి పరువునే కాదు, తాను కూర్చొని తినే పీటను కూడా.

"నీకు వంతుల్లేవత్తా" అంది అమ్మ. "ఏ పొద్దు ఏ పొయ్యి కాడ కూసుంటవో నీ ఇష్టం. అడగకు, చెప్పకు. నాకు మాత్రం నా పేరు మీద కార్డు కావాలె. నీ మీద కోపంతోని గాదు. బతికినన్ని దినాలు ఒకలు మూత తీస్తె తినుడు నాతోని కాదు." నాయనమ్మ చెయ్యి చాపి, అమ్మ కట్టిన కట్టను పట్టి చూసి, "ఇది వదులుగున్నది, మళ్ల కట్టు" అంది.

అప్పటి రోజులే బాగుండేవని నేననను. ఒక ఆడమనిషి తనకు పని కావాలని అడిగితే, ఆమె ఎవరింట్లో తింటుందో నలుగురిలో తేల్చాలనడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. అయినా అప్పుడు అడిగేవాడు ఒక మనిషి, మన గడప ముందుకు వచ్చి అడిగేవాడు. తప్పు రాస్తే వెళ్లి, చూడు అని చెయ్యి పట్టి చూపించగలిగేవాళ్లం. ఇప్పుడు సునీతను ఎవరూ ఏమీ అడగలేదు. ఆధార్ ఎక్కడో ఒకచోట అత్తమామల పేర్లతో ముడిపడి ఉంది, తెర మీద ఒకే కుటుంబం అని వచ్చింది, అంతే. పని దగ్గర ఫోటో దిగాలట, ముఖం ఫోనుకు నచ్చకపోతే హాజరు పడదట. దాన్ని ఒప్పించడానికి ఏ పొయ్యి పెట్టాలో ఆ పిల్లకు తెలియడం లేదు. తెర వెనక కూడా ఒక మనిషి ఉండే ఉంటాడు. సోమవారం ఇద్దరం మండలానికి పోతున్నాం. ఆ మనిషి దొరికేదాకా నేను ఆ ఆఫీసు కుర్చీలోంచి లేవను. అట్లా కూర్చోవడం నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గ్రామసభ బడి వరండాలో జరిగింది. అమ్మ, నాయిన, నేను ముందే వెళ్లి కూర్చున్నాం. నాయనమ్మ మాతో రాలేదు. పేర్లు చదువుతూ చదువుతూ సూపర్‌వైజరు పెద్దబాపు పేరు దగ్గరికి వచ్చాడు. ఆయన కింద మా పేర్లు చదవబోతుంటే అమ్మ లేచి నిలబడింది. "మాది వేరే పొయ్యి. నా పేరు మీద వేరే కార్డు రాయాలె" అంది. వెనక గుసగుసలు లేచాయి. పెద్దబాపు తల దించుకొని నేల గీస్తూ కూర్చున్నాడు. "మరి మీ అత్త వచ్చిందా?" అన్నాడు సూపర్‌వైజరు. వరండా చివర స్తంభం పక్క నుంచి నాయనమ్మ ముందుకు వచ్చింది. ఎప్పుడొచ్చిందో మాకెవరికీ తెలియదు.

"చెప్పవ్వా. ఇంట్ల పొయ్యిలెన్ని?"

నాయనమ్మ పెద్దకొడుకు వైపు చూసింది. చిన్నకొడుకు వైపు చూసింది. ఆ వరండాలో ఉన్నవాళ్లందరి ముందూ ఆమె చెప్పాల్సిన మాట ఏమిటో మాకు తెలుసు, అది ఆమెకు ఎంత బరువో కూడా తెలుసు.

"రెండు" అంది.

"మరి నువ్వు ఏ పొయ్యి కాడ తింటున్నవ్?"

ఈ ప్రశ్న వస్తుందని మేం అనుకోలేదు. అమ్మ తల దించుకుంది. మా పొయ్యి దగ్గర నాయనమ్మ ఒక్క మెతుకైనా తినలేదు, అది ఊరందరికీ తెలుసు. పెద్దబాపు పక్కన కూర్చున్న పెద్దమ్మ నోరు తెరవబోయింది.

"చిన్నోని పొయ్యి కాడ" అంది నాయనమ్మ, పెద్దమ్మ కంటే ముందే. "నా పేరు గూడ అటే రాయి. పనికి గూడ రాయి."

జనం నవ్వారు. "ఈ వయసుల నీకు పనేందవ్వా?" అన్నాడు సూపర్‌వైజరు కూడా నవ్వుతూ.

"పని కాడ నీళ్లు పోసేటోళ్లు కావాలన్నడు శీను. నీళ్లు పోస్త. పొద్దుగాల లేచి పనికి పొయ్యేదాన్ని ఎవలు వంతులేస్తరో నేనూ చూస్త."

తర్వాత ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు అమ్మ పేరు రాసి, నాయిన పేరు, నా పేరు, చివర నాయనమ్మ పేరు రాశాడు. అతను పైకి చదివి వినిపించేదాకా అమ్మ కూర్చోలేదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ వంటింటి ముందు ఒక్క క్షణం ఆగి, "మాపటికి నీ కాడ తింటనే" అని పెద్దమ్మతో చెప్పి, నేరుగా వెనక సాయబాన్‌లోకి వచ్చి మా పొయ్యి పక్కన పీట వాల్చుకుంది. "నలుగుర్ల ఈడ్నే తింటున్న అని చెప్పిన. పొద్దు గూకకముందు అది నిజం గావాలె. ఏమున్నదో పెట్టు" అంది. అన్నం, చింతచిగురు పప్పు ఉన్నాయి. అమ్మ వడ్డించి, అత్త తినేటప్పుడు ఎప్పుడూ చేసేలాగే గోడ పక్కకు జరిగి నిలబడింది. నాయనమ్మ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది.

"నిలబడ్డవేంది? నువ్వు గూడ పెట్టుకో. పని మొదలైతే ఇద్దరం ఒక్క గుంపులనే పోవాలె."

అమ్మ పళ్లెం తెచ్చుకొని ఎదురుగా కూర్చుంది. అత్త ముందు కూర్చొని అమ్మ అన్నం తినడం నేను చూసింది అదే మొదటిసారి.